మలక్‌పేట నుంచి హైటెక్ సిటీకి ఎంఎంటీఎస్: ఒక ఉద్యోగిని సమీక్ష

మా ఇల్లు మలక్‌పేటలో, ఉద్యోగం హైటెక్ సిటీలో. హైదరాబాద్‌ను ఒక కొస నుంచి మరో కొసకు దాటవలసిన ఈ దారిలో మా పేటవాళ్లకు బస్సు, మెట్రో, ఎంఎంటీఎస్ మూడూ అందుబాటులో ఉన్నాయి. మూడింటిలోనూ నెలల తరబడి ప్రయాణించిన తర్వాత నేను లోకల్ రైలు దగ్గర స్థిరపడ్డాను. అయితే ఈ రైలు అందరికీ సరిపోతుందని చెప్పలేను. ఎవరికి సరిపోతుందో, ఎందుకు సరిపోతుందో తెలిస్తే కొత్తగా ఈ దారిలో ఉద్యోగానికి వెళ్లబోయేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ఎంఎంటీఎస్ అంటే మల్టీ మోడల్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టమ్. అప్పటి రాష్ట్ర ప్రభుత్వమూ దక్షిణ మధ్య రైల్వే కలిసి ఖర్చు పంచుకుని 2003 ఆగస్టులో ఈ సేవను మొదలుపెట్టాయి. రైలు దిగినవారికి బస్సు, బస్సు దిగినవారికి రైలు అందాలన్న ఆశయం ఆ పేరులోనే ఉంది కాబట్టి, దీన్ని రైలుగా మాత్రమే కాక ఆ పేరు ఇచ్చిన మాటను బట్టి కూడా చూడాలి.

ముందు రైలు సంగతి. ఫలక్‌నుమా వైపు నుంచి లింగంపల్లి వెళ్లే లోకల్ మలక్‌పేటకు వచ్చేసరికి యాకుత్‌పురా, డబీర్‌పురాల్లో ఎక్కినవారితో కొంత నిండి ఉంటుంది. అయినా మహిళల పెట్టెలో కూర్చోవడానికి చోటు దొరకని రోజులు తక్కువే. పూల గంపతో ఎక్కే ఒక పెద్దావిడ “ఇటు జరుగు బిడ్డా, ఇద్దరం పడతం” అంటూ నాకు చోటిచ్చిన రోజులు చాలా ఉన్నాయి. కాచిగూడ, విద్యానగర్ దాటాక జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ స్టేషన్లలో విద్యార్థులు దిగిపోతారు. సికింద్రాబాద్‌లో సగం పెట్టె ఖాళీ అయి మళ్లీ నిండుతుంది. జేమ్స్ స్ట్రీట్ తర్వాత సంజీవయ్య పార్కు స్టేషన్ వస్తుంది. హుస్సేన్ సాగర్ పక్కనే ఉన్న ఈ స్టేషన్ దగ్గర ఉదయంపూట గాలి ఒక్కసారిగా చల్లబడుతుంది. ఆ కాసేపూ నేను పుస్తకం మూసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాను. బేగంపేట, నేచర్ క్యూర్ హాస్పిటల్, ఫతేనగర్, భరత్‌నగర్, బోరబండ దాటితే హైటెక్ సిటీ. మొత్తం గంట పైచిలుకు ప్రయాణం. ఇదే దూరం బస్సులో వెళితే కోఠి దగ్గరో, లక్డీకాపూల్ దగ్గరో, బంజారాహిల్స్ ఎత్తుల్లోనో ఎంతసేపు నిలబడిపోవాల్సి వస్తుందో ఏ రోజుకారోజు తేలాల్సిందే. వానాకాలంలో రోడ్లు నీట మునిగిన సాయంత్రాల్లో, సహోద్యోగులు కార్లలో గంటలకొద్దీ ఇరుక్కున్నప్పుడు, నేను పట్టాల మీద ఇల్లు చేరిన సందర్భాలు ఒకటి రెండు కాదు.

ఖర్చు విషయంలో దీనికి సాటి వచ్చేది లేదు. కనీస టికెట్ 5 రూపాయలు. నెలవారీ సీజన్ టికెట్ తీసుకుంటే రోజువారీ లెక్క ఇంకా తగ్గుతుంది. మెట్రో ఛార్జీలు 2025 మే నెలలో పెరిగి, ఆపైన పది శాతం తగ్గింపు ఇచ్చాక 11 రూపాయల నుంచి 69 రూపాయల మధ్య నిలిచాయి. నేను వెళ్లే దారి ఒక కారిడార్ నుంచి మరో కారిడార్‌కు అమీర్‌పేటలో మారాల్సిన దూరం కాబట్టి, మెట్రోలో ఒక్క వారం రాకపోకలకు అయ్యే డబ్బుతో లోకల్‌లో నెలంతా తిరగవచ్చు. ఇళ్లలో పనిచేసేవారు, ఆసుపత్రుల్లో ఆయాలు, దుకాణాల్లో గుమాస్తాలు, చిన్న జీతపు కాంట్రాక్టు ఉద్యోగులు ఈ రైలు మీద ఎందుకు ఆధారపడతారో పెట్టెలో నాలుగు రోజులు కూర్చుంటే అర్థమవుతుంది. ఈ నగరంలో తక్కువ జీతంతో దూరపు ఉద్యోగం చేయడానికి వీలు కల్పిస్తున్నది ఇదే.

మరి మెట్రో సంగతేమిటంటే, సౌకర్యంలో అది ముందుంటుందనడంలో సందేహం లేదు. ఏసీ ఉంటుంది, కొద్ది నిమిషాలకో రైలు వస్తుంది, కాబట్టి గడియారం చూసుకుని ఇంట్లోంచి బయలుదేరాల్సిన పని లేదు. ఎంఎంటీఎస్‌తో ఉన్న అసలు చిక్కు ఇక్కడే. మెట్రోకు సొంత పట్టాలున్నాయి. లోకల్ మాత్రం దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు నడిచే పట్టాల మీదే నడవాలి. సికింద్రాబాద్ వంటి జంక్షన్‌కు ఎక్స్‌ప్రెస్‌లు ఒకదాని వెంట ఒకటి చేరుకునే వేళ, ప్లాట్‌ఫాం ఖాళీ అయ్యేదాకా లోకల్ సిగ్నల్ దగ్గర ఆగాల్సి రావడం ఈ ఏర్పాటులోనే ఉంది. రైళ్ల సంఖ్యను కోరినంత పెంచలేకపోవడానికీ అదే కారణం. కాబట్టి ఒక రైలు తప్పితే తర్వాతి దాని కోసం మెట్రోలోలా నాలుగు నిమిషాలు ఆగితే సరిపోదు. సమయపట్టికను కంఠస్థం చేసి, ఆఫీసు వేళకు ఒక రైలు ముందుగా చేరే బండిని ఎంచుకున్నవారికి ఇది నమ్మదగిన రైలు. రోజుకో వేళలో బయలుదేరేవారు, పై అధికారి పిలవగానే పరుగెత్తాల్సినవారు మెట్రో ఎక్కడమే మంచిది. నేను కూడా ఆలస్యమైన రాత్రుల్లో మెట్రోలోనే తిరిగి వస్తాను. మలక్‌పేటలో రెండు స్టేషన్లూ దగ్గర దగ్గరగా ఉండటం మా అదృష్టం.

ఇక పేరు ఇచ్చిన మాట. హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్ పేరు చూసి, దిగగానే సైబర్ టవర్స్ ఎదురుగా ఉంటుందని కొత్తవాళ్లు అనుకుంటారు. అలా ఉండదు, స్టేషన్ నుంచి ఆ ఆఫీసుల దాకా ఇంకా కొంత దూరం వెళ్లాలి. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ చివరి ముక్కే. వందలమంది ఒకేసారి దిగుతారు, షేర్ ఆటోలు నిమిషాల్లో నిండిపోతాయి, మిగిలినవాళ్లు ఎండలో నడక సాగిస్తారు. నేను పనిచేసే సంస్థ కొంతకాలం స్టేషన్‌కు షటిల్ బస్సు నడిపి, వాడేవారు తక్కువన్న కారణం చెప్పి ఆపేసింది. ఆ బస్సు వేళలకూ రైలు వేళలకూ పొంతన లేనప్పుడు ఎవరైనా ఎలా వాడతారు? 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి, రైలు వచ్చే సమయానికి స్టేషన్ బయట ఒక బస్సు నిలబడి ఉంటే నాలాంటివారికి ఇంటి నుంచి ఆఫీసు దాకా సీజన్ టికెట్ ఖర్చు తప్ప మరో ఖర్చుండదు.

ఎంఎంటీఎస్ రెండో దశ మార్గాలు తెరుచుకోవడం సంతోషించవలసిన విషయం. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్, ఉందానగర్ వైపులకు, 2024 మార్చిలో మౌలాలి, సనత్‌నగర్‌ల మీదుగా ఘట్‌కేసర్‌కు లోకల్ రైళ్లు మొదలయ్యాయి. సికింద్రాబాద్ జంక్షన్ రద్దీని తాకకుండా శివార్ల నుంచి పడమటి ఆఫీసుల వైపు రావడానికి మౌలాలి మార్గం బాగా పనికొస్తుంది. శివార్లలో ఇల్లు చూసుకుంటున్నవారు స్టేషన్ ఎంత దూరమన్నదానితో పాటు ఉదయం ఎన్నింటికి ఎన్ని రైళ్లున్నాయో కూడా చూసుకుని అడ్వాన్సు ఇవ్వాలి. రద్దీ లేని వేళల్లో ప్రయాణించే ఆడవాళ్లు, మహిళల పెట్టె పూర్తిగా ఖాళీగా ఉంటే నలుగురున్న పెట్టెలో ఎక్కడం మేలని నా సలహా.

నా మట్టుకు ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు హైటెక్ సిటీ స్టేషన్ మెట్ల నుంచి ఆఫీసు గేటు దాకా ఉన్న దారికి. వచ్చే నెల సీజన్ టికెట్ నిన్న సాయంత్రమే తీసుకున్నాను.