యూనిఫాంలు చూశాకే వాటర్లూ వెళ్ళండి: లండన్, పోర్ట్స్‌మౌత్, పారిస్, బెల్జియం యాత్ర

నెపోలియన్ కాలపు సైన్యాలంటే ఇష్టం ఉండి యూరప్ వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. 1815లో నెపోలియన్ ఆఖరిసారి ఓడిపోయిన యుద్ధభూమి వాటర్లూ, బెల్జియంలో ఉంది, దాన్ని చివరికి పెట్టుకోండి. ముందు లండన్, తర్వాత పారిస్, బెల్జియం ఆ తర్వాతే. వాటర్లూలో కంటికి కనిపించేవి చేలు, మధ్యలో ఒక పెద్ద మట్టిదిబ్బ, రెండుమూడు పాత ఇళ్ళు, అంతే. ఆ చేలల్లో నిలబడ్డ మనుషులు ఏం తొడుక్కున్నారో, అది ఎంత బరువో, ఏ రంగో ముందే చూసి ఉంటే ఆ నేల మీద నిలబడ్డప్పుడు వచ్చే అనుభవం వేరు. ప్యాకేజీ టూర్లవాళ్ళు దీన్ని తిరగేసి చూపిస్తారు, లేదా పారిస్‌లో నెపోలియన్ సమాధి, సైనిక మ్యూజియం ఉన్న ఇన్వాలీద్‌ని బస్సు అద్దంలోంచి చూపించి ఈఫిల్ టవర్‌కి తీసుకుపోతారు.

నాతో మా బావ వచ్చాడు. తెనాలిలో టైలరింగ్ షాపు ఆయనది, పోలీసు యూనిఫాంలు, స్కూలు యూనిఫాంలు కుట్టీ కుట్టీ చెయ్యి తిరిగిన మనిషి. చరిత్ర పుస్తకాలు ఆయన చదవడు. కానీ ఈ యాత్రలో నాకు ఎక్కువ నేర్పింది ఆయనే.

లండన్‌లో ఈస్ట్‌హామ్‌లో దిగాం. మన భోజనం దొరుకుతుంది, తెలుగు మాట వినిపిస్తుంది, గదులు ఊరి మధ్యలోకంటే చవక. రోజూ ట్యూబ్‌లో, అంటే అక్కడి మెట్రోలో, కాస్త దూరం తిరగాలి, అది భరించగలిగితే ఇదే మంచిది. మొదటి రెండు రాత్రులు ఊరి మధ్యలో ఒక హోటల్లో ఉన్నాం, ఆ గదిలో రెండు సూట్‌కేసులు తెరిచి పెట్టడానికి చోటు లేదు, కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. ఆ డబ్బుకి అది అన్యాయం.

గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంకి టికెట్ లేదు. మ్యూజియం అంతా పెద్దదే కానీ మేం వెళ్ళింది ఒక్క కోటు కోసం. 1805 అక్టోబరు 21న ఫ్రెంచివాళ్ళతో జరిగిన ట్రఫాల్గర్ సముద్ర యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళపతి నెల్సన్ వేసుకున్న నీలం కోటు అది. ఎడమ భుజం మీద తూటా దిగిన చిల్లు స్పష్టంగా కనిపిస్తుంది. ఫ్రెంచి ఓడ రెడూటబుల్ స్తంభం మీద నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాటాక కాల్చారు, సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ఆయన ప్రాణం పోయింది. ఛాతీ మీద నాలుగు బిరుదుల నక్షత్రాలున్నాయి. అవి మెరిసే లోహపు బిళ్ళలు కావు, గుడ్డకి కుట్టేసిన ఎంబ్రాయిడరీ. మెడల్స్ తళతళలాడి శత్రువుకి గురి దొరికిందనే కథ ఆ కుట్టు చూశాక నాకు నమ్మబుద్ధి కాలేదు.

బావ చిల్లు దగ్గర ఎక్కువసేపు లేడు, కుడి చెయ్యి వైపు చూస్తున్నాడు. "బావా, ఈ చేతి చివర చిన్న దారం ఉచ్చు పెట్టారు చూడు, ఎందుకు?" అన్నాడు. నెల్సన్ 1797లో టెనెరిఫేలో కుడి చెయ్యి పోగొట్టుకున్నాడు, ఖాళీ చేతిని ఛాతీ మీద గుండీకి తగిలించుకోవడానికి ఆ ఉచ్చు. చెప్పగానే ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "కొలతలు తీసుకున్నవాడు మనిషిని బాగా చూసుకున్నాడు."

నేషనల్ ఆర్మీ మ్యూజియం చెల్సీలో ఉంది, అదీ ఉచితమే. బ్రిటిష్ సైన్యపు ఎర్రకోట్ల కోసం ఇక్కడికి రావాలి. మామూలు సిపాయి కోటు, ఆఫీసరు కోటు రెండూ ఎరుపే అనుకుంటాం. దగ్గరగా చూస్తే సిపాయిది ఇటుకరాయి వైపు పోయే ఎరుపు, మంజిష్ఠ జాతి వేరుతో అద్దింది. ఆఫీసరుది మండే ఎరుపు, మెక్సికో నుంచి వచ్చే కొచినీల్ పురుగుల రంగు. కాలరు, చేతి పట్టీల రంగుని బట్టి ఏ రెజిమెంటో పోల్చుకోవచ్చు. రాజుగారి పేరున్నవాటికి నీలం, మిగతావాటికి పసుపు, ఆకుపచ్చ, లేత గోధుమ రంగు ఇలా. గుండీల మీద రెజిమెంటు నంబరు కూడా ఉంటుంది.

బావ పట్టుకున్న విషయం ఇంకొకటి. కోటు అంచులు మడిచి కుట్టలేదు, కోసి అలాగే వదిలేశారు. "ఓవర్‌లాక్ లేదు, హెమ్మింగ్ లేదు, అయినా పోగు ఊడలేదు, ఏం గుడ్డ ఇది!" అని అద్దానికి ముక్కు ఆనించి చూశాడు. ఆ రోజుల్లో ఉన్ని గుడ్డని నేశాక నీళ్ళలో బాగా దంచి దగ్గరపడేలా చేసేవాళ్ళు, అందుకే కోసిన అంచు విడిపోదు. వీపు భాగం సన్నగా ఉంటుంది, చంక కటింగ్ బాగా వెనక్కి ఉంటుంది, అంటే తొడుక్కున్నవాడు భుజాలు వెనక్కి లాగి నిలబడాల్సిందే. మెడకి తోలు పట్టీ ఒకటి, తల వంచనివ్వదు. సిపాయిని నిటారుగా నిలబెట్టే పని డ్రిల్లుతో పాటు కోటు కూడా చేసేదన్నమాట.

అదే మ్యూజియంలో నెపోలియన్ గుర్రం మరెంగో అస్థిపంజరం, విలియం సిబోర్న్ 1838లో పూర్తి చేసిన వాటర్లూ యుద్ధ నమూనా ఉన్నాయి. నమూనాని మాత్రం ఓపిగ్గా చూడండి, తర్వాత బెల్జియంలో పనికొస్తుంది. వాటర్లూ గెలిచిన బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ 1799లో శ్రీరంగపట్నం మీదికి వెళ్ళినప్పుడు ఆయన కింద మన హైదరాబాద్ నిజాం పంపిన సైన్యం ఉంది, ఇది అక్కడికి వచ్చే తెలుగువాళ్ళలో చాలామందికి తెలియదు.

పోర్ట్స్‌మౌత్‌కి లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి రైలు, రెండు గంటల లోపు. హార్బర్ స్టేషన్‌లో దిగితే డాక్‌యార్డ్ పక్కనే. టికెట్ ఖరీదైనదే, కానీ అన్ని ఓడలకూ కలిపి ఇచ్చే టికెట్ ఏడాది చెల్లుతుంది, ఇంగ్లండ్‌లో మనవాళ్ళుంటే వాళ్ళకి బాగా గిట్టుబాటు. ట్రఫాల్గర్‌లో నెల్సన్ ప్రాణం వదిలిన ఓడ విక్టరీ ఇక్కడే ఉంది, 1765లో నీళ్ళలోకి దింపారు, 1922 నుంచి డ్రైడాక్‌లో, అంటే నీళ్ళు తోడేసిన రేవులో ఉంది. ఇప్పుడు పెద్ద రిపేరు నడుస్తోంది, పదేళ్ళకు పైగా పట్టే పని, కాబట్టి స్తంభాలు, తాళ్ళు, తెరచాపలతో ఫోటో కావాలనుకుని వెళ్తే నిరాశే. లోపలికి మాత్రం వెళ్ళొచ్చు, అసలు చూడాల్సింది కూడా లోపలే. 104 ఫిరంగుల ఓడ, 800 మందికి పైగా మనుషులు, ఫిరంగుల మధ్యే ఉయ్యాల పడకలు, పైకప్పు తలకి తగిలే ఎత్తు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని ఆ నిచ్చెనమెట్ల దగ్గరికి తీసుకెళ్ళొద్దు.

ఇక్కడ తెలిసిన విషయం నన్ను ఆశ్చర్యపరిచింది. బ్రిటిష్ నేవీ ఆఫీసర్లకి 1748లోనే యూనిఫాం వచ్చింది, మామూలు నావికుడికి మాత్రం 1857 దాకా అధికారిక యూనిఫాం లేదు! ట్రఫాల్గర్‌లో ఫిరంగి లాగినవాళ్ళు ఓడలో అమ్మే బట్టలు జీతంలోంచి కొనుక్కున్నారు. అందుకే మ్యూజియంలలో ఆఫీసర్ల కోట్లు వరసగా కనిపిస్తాయి, నావికుడి చొక్కా ఎక్కడో ఒకటి తప్ప దొరకదు. ఆ చొక్కాలు వేసుకుని చిరిగిపోయాయి. ఎవరూ దాచలేదు.

పారిస్‌లో ఇన్వాలీద్‌కి పూర్తి రోజు ఇవ్వండి. చాలామంది గోపురం కింద నెపోలియన్ సమాధి చూసి, ఎర్రరాతి పెట్టెకి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. సమాధి గంభీరంగానే ఉంటుంది, కాదనను, కానీ పది నిమిషాల పని. అదే టికెట్ మీద పక్కనే ఉన్న సైనిక మ్యూజియంలో గంటలు గంటలు గడపొచ్చు. ఒక వెబ్‌సైట్ ద్వారా "క్యూ లేకుండా" అని ఎక్కువ డబ్బు పెట్టి టికెట్లు కొన్నాం, వెళ్తే అసలు క్యూయే లేదు, ఆ ఏజెంటు మనిషి ఫోన్ ఎత్తలేదు. నేరుగా మ్యూజియం సైట్‌లో కొనుక్కోండి.

గుడ్డలు వెలిసిపోకుండా ఆ హాళ్ళలో వెలుతురు తక్కువగా పెడతారు, కళ్ళు అలవాటు పడడానికి టైం పడుతుంది. నెపోలియన్ బూడిదరంగు ఓవర్‌కోటు, టోపీ ఉన్నాయి. హుస్సార్లనే తేలిక గుర్రపుదళం జాకెట్లు చూస్తే బావకి మతిపోయింది. ఛాతీ నిండా అడ్డంగా త్రాళ్ళ వరసలు, ఇంకో జాకెట్టు తొడుక్కోకుండా ఎడమ భుజానికి వేలాడదీసుకోవడం, ఇదంతా హంగరీ నుంచి యూరప్ అంతా పాకిన ఫ్యాషన్. ఒక్క జాకెట్టుకి ఎన్ని రోజుల పనో లెక్కవేస్తూ నిలబడిపోయాడు.

కానీ ఆ మ్యూజియంలో ఒక్కటే చూడగలను అంటే ఫోవో కవచం దగ్గరికి వెళ్ళండి. వాటర్లూలో చనిపోయిన కారబినియే దళపు (కవచాలు తొడిగే గుర్రపుదళం) కుర్రాడు ఈ ఫోవో, 23 ఏళ్ళు. ఇత్తడి పూత ఉన్న ఛాతీ కవచం, దాని కుడివైపు ఫిరంగి గుండు ముందు నుంచి దూరి వెనక రేకు చీల్చుకుని పోయింది. చిల్లు చుట్టూ లోహం లోపలికి ముడుచుకుని ఉంది, అందులోంచి అవతలి గోడ కనిపిస్తుంది. యుద్ధం గురించి ఎన్ని పేజీలు చదివినా నాకు అర్థం కానిది అక్కడ అర్థమైంది.

ఫ్రెంచి సిపాయి నీలం కోటు వెనక ఒక వ్యాపారపు కథ కూడా ఉంది. సముద్రం మీద ఇంగ్లీషువాళ్ళ పట్టు వల్ల నీలిమందు కరువై, 1806లో నెపోలియన్ కొన్ని రెజిమెంట్లకి తెల్లకోట్లు ఇప్పించాడు. మాసిపోతాయి, రక్తం మరకలు భయంకరంగా కనిపిస్తాయి, చివరికి మానుకుని మళ్ళీ నీలానికే వచ్చారు. మన కడప వైపు నీలిమందు తోటలు కూడా ఒకప్పుడు పేరున్నవే కాబట్టి నాకు ఇది దూరపు కథ అనిపించలేదు.

పారిస్‌లో తిండికి లా షపెల్ వైపు వెళ్ళండి, తమిళుల హోటళ్ళలో దోసె, సాంబారు దొరుకుతాయి. బ్రస్సెల్స్‌కి అక్కడి నుంచి వేగం రైలు గంటన్నర కూడా పట్టదు. బ్రస్సెల్స్ సైనిక మ్యూజియం టైం మిగిలితేనే.

వాటర్లూకి బ్రస్సెల్స్ నుంచి బ్రెన్-లాలూ స్టేషన్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. మొదట్లో చెప్పిన పెద్ద మట్టిదిబ్బ పేరు సింహం దిబ్బ, దానికి 226 మెట్లు, పైన గాలి గట్టిగా ఉంటుంది, అయినా ఎక్కండి, ఎవరు ఎటు నిలబడ్డారో పై నుంచే తెలుస్తుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, ఆ దిబ్బ కట్టడానికి మట్టి తవ్వింది వెల్లింగ్టన్ సైన్యం నిలబడ్డ గట్టు నుంచే, కాబట్టి ఆ వైపు నేల 1815 జూన్ 18న ఉన్నంత ఎత్తుగా ఇప్పుడు లేదు. కింద గుండ్రటి భవనంలో 110 మీటర్ల పొడవు పెయింటింగ్ ఉంది, 1912 నాటిది. లండన్‌లో, పారిస్‌లో చూసిన కోట్లన్నీ అందులో ఒకేసారి కదులుతాయి. బావ రంగులు చూసి ఎవరు ఏ దేశమో గడగడా చెప్పేశాడు.

మేం బస చేసింది హూగోమాంట్‌లో. బ్రిటిష్‌వాళ్ళు రోజంతా నిలబెట్టుకున్న పాత కమతం ఇది. అందులో తోటమాలి ఇంటిని లాండ్‌మార్క్ ట్రస్ట్ అనే సంస్థ అద్దెకిస్తుంది, నలుగురు ఉండొచ్చు, వంటగది ఉంది. అద్దె ఎక్కువే, నలుగురూ పంచుకుంటే పర్వాలేదు. చాలా ముందుగా బుక్ చేసుకోవాలి. సాయంత్రం టూరిస్టులు వెళ్ళాక ఆ వాకిలి అంతా మనదే. ఫ్రెంచివాళ్ళు గొడ్డళ్ళతో పగలగొట్టి లోపలికి దూరిన ఉత్తరం గేటు దగ్గర, ఆ గేటుని మళ్ళీ మూసిన చోట, ఎంతసేపైనా నిలబడొచ్చు. చిన్న చర్చి గదిలో చెక్క శిలువ ఉంది, మంటలు క్రీస్తు పాదాల దాకా వచ్చి ఆగిపోయాయి, ఆ కాలిన గుర్తు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ ఒక్కరోజులో సుమారు 50 వేల మంది చనిపోయారు లేదా గాయపడ్డారు. రాత్రికి రాత్రే దోపిడీగాళ్ళు శవాల మీద కోట్లు, బూట్లు ఒలిచి పట్టుకుపోయారు.

డబ్బు తక్కువుంటే పోర్ట్స్‌మౌత్ వదిలేయండి, స్తంభాలు మళ్ళీ నిలబెట్టాక వెళ్ళొచ్చు. గ్రీనిచ్, చెల్సీ రెండూ ఉచితం కాబట్టి వాటిని వదలొద్దు. హూగోమాంట్ దొరక్కపోతే బ్రస్సెల్స్‌లోనే ఉండి పొద్దున్నే రైలెక్కండి, మధ్యాహ్నానికి బస్సులు నిండుతాయి. బ్రిటన్ వీసా, ఫ్రాన్స్‌కీ బెల్జియంకీ పనికొచ్చే షెంగెన్ వీసా వేర్వేరు, వేసవిలో రెండింటికీ అపాయింట్‌మెంట్ల టెన్షన్ ఉంటుంది, జనవరిలోనే మొదలుపెట్టండి.