రాయపోర్తియా, రౌహానియెమియా: తాంపెరెలో తొలి చలికాలపు సౌనాకు ఏది మేలు?

ఫిన్లాండులోని తాంపెరెకు కొత్తగా వచ్చిన తెలుగువారు డిసెంబరు రాగానే నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. నలుగురితో కలిసి చేసే సౌనాకు, అంటే వేడి రాళ్ల మీద నీళ్లు చల్లి చేసే ఆవిరి స్నానానికి, మొదటిసారి వెళ్లాలంటే పిస్పలాలోని రాయపోర్తి మేలా, న్యాసియార్వి సరస్సు ఒడ్డునున్న రౌహానియెమి మేలా? నేరుగా విషయానికి వస్తాను.

రాయపోర్తి 1906 నాటిది. ఫిన్లాండులో నేటికీ నడుస్తున్న ప్రజా సౌనాలలో అన్నిటికంటే పాతది అదే. అక్కడి పెద్ద పొయ్యిని కట్టెలతో ముందే కాచి ఉంచుతారు. ఆ రాళ్ల మీద నీళ్లు చల్లితే లేచే ఆవిరిని, అంటే ఫిన్నులు లోయ్‌లు అని పిలుచుకునే దానిని, ఒకసారి అనుభవించినవారికి వేరే చోటి ఆవిరి కొంత మొరటుగానే తోస్తుంది. ఈ ఒక్క విషయంలో రౌహానియెమి దానికి సాటి రాదని ఒప్పుకుంటాను.

రాయపోర్తిలో ఆడవారికి, మగవారికి వేర్వేరు గదులుంటాయి, లోపల ఒంటి మీద బట్టలుండవు. రౌహానియెమిలో ఈతదుస్తులతో అందరూ కలిసే కూర్చుంటారు. మనవాళ్లలో చాలామంది ఈ బట్టల సంగతి చూసుకునే ఏదో ఒకటి ఎంచుకుంటారు గాని, ఆ బెరుకు పది నిమిషాలకు మించి నిలవదు.

ఆవిరి తర్వాత ఒళ్లు చల్లబరచుకోవాలి కనుక, నా దృష్టిలో అసలు తేల్చుకోవలసింది చన్నీటి సంగతి. రాయపోర్తి పక్కన సరస్సు లేదు, కనుక తువ్వాలు చుట్టుకుని పెరట్లో కూర్చుని, ఒంటి నుంచి పొగలు లేస్తుండగా చలిగాలికే చల్లబడాలి. అదీ హాయే. కానీ నీటి ఉష్ణవాహకత గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువ కావడం వల్ల, పెరట్లో పావుగంట పట్టే పని రౌహానియెమిలోని అవంతోలో, అంటే గడ్డకట్టిన సరస్సులో మంచు కోసి తెరిచి ఉంచిన మడుగులో, అర నిమిషంలో పూర్తవుతుంది. దిగగానే ఊపిరి ఒక్కసారిగా ఎగదన్నుతుంది. అది పిరికితనం కాదు, చన్నీరు తగిలిన చర్మం శరీరం చేత చేయించే పని. కమ్మీ పట్టుకుని మెట్టు మెట్టుగా దిగుతూ, నోటితో నెమ్మదిగా గాలి వదులుతూ, నీరు భుజాల దాకా వచ్చాక పది లెక్కపెట్టి పైకి వచ్చేస్తే మొదటిసారికి చాలు. వరుసగా కొన్ని వారాలు దిగితే ఆ ఎగశ్వాస దానంతటదే తగ్గుతుంది. గోదావరిలో కార్తీక స్నానాలు చేసి పెరిగిన నాకు చెయ్యి ముక్కు మూసుకోవడానికే పోయింది, మూడు మునకలు వేస్తే గాని స్నానం పూర్తికాదన్న అలవాటు కదా! ఇక్కడ తల ముంచరు, ఉన్ని టోపీతోనే దిగుతారు. గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఈ నీటిలో దిగరాదు. మద్యం తాగినవారు అసలు దిగరాదు.

హెల్సింకిలో 2016లో తెరిచిన లోయ్‌లు అనే సౌనాకు సముద్రం ఆనుకునే ఉంది, భవనమూ అందమైనదే, కానీ ఇందుకోసం అంత దూరం పోనక్కర లేదు. అపార్టుమెంటులోని విద్యుత్ సౌనా రోజువారీ అవసరానికి సరిపోతుంది. మంచులో పొర్లడం ఫోటోలకు బాగుంటుంది.

ఆవిరి మీదే మనసున్నవారు రాయపోర్తికి వెళ్లవచ్చు. నేను మాత్రం ఈ చలికాలమంతా రౌహానియెమికే వెళ్తున్నాను. వచ్చేవారు జారని అడుగు ఉన్న రబ్బరు చెప్పులు తెచ్చుకోవాలి, ఎందుకంటే సౌనా తలుపు నుంచి నీటి దాకా ఉన్న దారిలో ముందుగా నొప్పెట్టేది అరికాళ్లే.