కేంబ్రిడ్జ్ అనలేదట, కేంబ్రిడ్జ్ ప్యాటర్న్ అన్నారట! ఎంవీపీలో పిల్లల్ని ఇంగ్లీషుకి పంపేవాళ్ళు జాగ్రత్త

పేరు రాయను. రాస్తే లాయరు నోటీసు ఇస్తామని నిన్ననే అన్నారు. ఆ నోటీసు ఎలాగూ ఇంగ్లీషులోనే వస్తుంది, వీడికేం అర్థమవుతుందిలే అని వాళ్ళ ధీమా. విశాఖ ఎంవీపీ కాలనీలో బడి గేట్ల దగ్గర రంగుల పాంప్లెట్లు పంచే ఆ చిన్న ఇన్‌స్టిట్యూట్ సంగతే చెబుతున్నాను. పిల్లలున్న ఇళ్ళన్నింట్లో ఆ కాగితం ఒకటి పడే ఉంటుంది. మేమైతే ఫ్రిజ్ మీద అంటించుకున్నాం కూడా. అంత తెలివి మాది.

మా గుంటకి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. జూన్ మధ్యలో చేర్చాను. ఆరు నెలల కోర్సు 24,000, దాని మీద జీఎస్టీ 18 శాతం, వెరసి 28,320. నవంబరులో పరీక్ష ఫీజని ఇంకో 4,500. బ్యాచ్‌కి ఎనిమిది మందే అన్నారు, పంతొమ్మిది మందిని కుక్కారు, ఐదేళ్ళవాడి పక్కన పదకొండేళ్ళవాడు. ఇవన్నీ దింపడానికి వెళ్ళినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. అడగలేదు. ఆఖర్న కేంబ్రిడ్జ్ వాళ్ళు చిన్నపిల్లలకి పెట్టే స్టార్టర్స్ అనే ఇంగ్లీషు పరీక్ష రాయించి సర్టిఫికెట్ ఇప్పిస్తామన్నారు కదా, ఆ ఒక్క మాట పట్టుకుని వేలాడాను.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మొదటి నెలన్నర చెప్పిన టీచరమ్మ బంగారం. ఏ బీ సీ డీల జోలికి పోకుండా శబ్దాలతో మొదలుపెట్టారు. పాములా స్స్స్ అనిపించేవారు, తేనెటీగలా జ్‌జ్‌జ్ అనిపించేవారు. ఆ తేనెటీగ శబ్దం మన నోటికి అలవాటు లేదు కదా, మనం 'జూ' పార్కుకీ 'జూన్' నెలకీ ఒకటే జూ వాడేస్తాం. ఆవిడ చెప్పేదాకా నాకూ తేడా తెలీదు. వారం తిరక్కుండానే మా గుంట ఓ అరడజను శబ్దాలు కలుపుకుని పిన్, టిన్, టాప్ అంటూ ఇల్లంతా చదివేసేది. మా అమ్మ 'ఇస్కూలు' అంటే నడుం మీద చేతులు పెట్టుకుని, "మామ్మా, ముందు 'ఇ' లేదు, స్స్స్‌తో మొదలెట్టు" అనేది. "ఏటే గుంటా, నాకే సదువు సెప్తన్నావా" అని మా అమ్మ మురిసిపోయేది. ఆ ముచ్చట చూసే నేను మిగతావన్నీ వదిలేశాను.

జులై ఆఖర్న ఆవిడ మానేశారు. జీతం సరిగా ఇవ్వలేదని తర్వాత వేరే తల్లులు చెప్పుకోగా విన్నాను. ఆవిడ తర్వాత ఇద్దరు మారారు. ఒకరు టీవీలో రైమ్స్ పెట్టి ఫోను చూసుకునేవారు. ఇంకొకరు బోర్డు నిండా పేరాలు రాసి ఎత్తి రాయించేవారు. మాట్లాడటం నేర్పండి బాబూ అని పంపిస్తే దస్తూరీ నేర్పారు.

మొన్న శనివారం ఫోను, "రిజల్ట్ వచ్చింది, పాపని కూడా తీసుకురండి" అని. వెళ్ళాం. డైరెక్టరు గారు ఏదో కాగితం తనవైపే తిప్పుకుని చూస్తూ, పిల్ల ముందే, "సారీ సార్, స్టార్టర్స్‌లో ఫెయిల్. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారా?" అన్నాడు. అవునండీ అన్నాను. "అదే మరి" అన్నాడు. ఆ 'అదే మరి' ఇంకా చెవిలో ఉంది. మూడు నెలల రిపీట్ కోర్సు సగం రేటుకి, 12,000కే ఇస్తాడట, ఇవాళే కడితే పరీక్ష ఫీజు మళ్ళీ అక్కర్లేదట. జేబులో లేక ఆగాను గానీ, ఉంటే కట్టేసేవాణ్ణే.

ఆ తర్వాత చేసింది చెప్పాలంటే సిగ్గేస్తోంది. ఆయన్ని ఒక్క ప్రశ్న అడగని వాణ్ణి, ఇసుకతోట దాటాక బండి మీద పిల్లని తిట్టాను. ఇంత డబ్బు పోస్తే ఇదా నువ్వు చదివింది అని. వెనక నుంచి చప్పుడు లేదు. గురుద్వారా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చిన్నగా, "నాన్నా, నన్నెవరూ మాట్లాడమని అడగలేదు. బొమ్మలకి రంగులేశాను, టిక్కులు పెట్టాను, అంతే" అంది. సాకులు చెప్పకు అన్నాను.

డాబాగార్డెన్స్‌లో మాకు ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టుంది. సోమవారం ఫ్యాను రెగ్యులేటర్ కోసం వచ్చిన ఒక మేడమ్ బడిలో ఇంగ్లీషు చెబుతారు. మాటల్లో ఈ గోడు చెప్పుకున్నాను. "స్టార్టర్స్‌లో ఫెయిలేంటండీ? అందులో ఫెయిలే ఉండదు" అన్నారావిడ. వినడం, చదివి రాయడం, మాట్లాడటం, మూడు భాగాలట. మూడూ కలిపి ముప్పావుగంట. ఒక్కో దానికి మార్కుల బదులు ఒకటి నుంచి ఐదు దాకా షీల్డులు వేస్తారు, నిండుగా వస్తే పదిహేను. మూడింటికీ కూర్చున్న ప్రతి పిల్లకీ సర్టిఫికెట్ వస్తుంది. మాట్లాడే పరీక్షకి ఎగ్జామినర్ ఒక్కో పిల్లనీ విడిగా కూర్చోబెట్టుకుని మూడు నుంచి ఐదు నిమిషాలు మాట్లాడిస్తారు. మాదిరి పేపర్లంటారా, ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతాయి.

ఊరికే! దాన్నే జిరాక్సు తీయించి మా దగ్గర 4,500 లాగారు. పిల్ల సిగ్నల్ దగ్గరే చెప్పింది నాకు.

నిన్న కొట్టు మూసి వెళ్ళాను. పాప కాండిడేట్ నంబరు ఇవ్వండి, ఏ సెంటర్లో రాయించారో చెప్పండి, సర్టిఫికెట్ చూపించండి అన్నాను. ఆయన కంప్యూటర్ మీంచి తల కూడా ఎత్తలేదు. "సార్, మేం కేంబ్రిడ్జ్ అనలేదు. కేంబ్రిడ్జ్ ప్యాటర్న్ అన్నాం. పాంప్లెట్ మీద క్లియర్‌గా ఉంది. ఇంగ్లీషులోనే ఉంది కదా, మీరు చదువుకోలేదా?" రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వు ఆపుకోలేక చున్నీ అడ్డం పెట్టుకుంది. ఫీజు కట్టడానికి వచ్చి నిలబడ్డ నలుగురు తల్లులు నన్నే వింతగా చూశారు. నేను గట్టిగా అరిచాను, తెలుగులోనే. అప్పుడొచ్చింది నోటీసు మాట.

ఇంటికొచ్చి ఫ్రిజ్ దగ్గర నిలబడి చూశాను. నిజమే, ఉంది. 'కేంబ్రిడ్జ్' వేలెడంత, కింద 'ప్యాటర్న్' చీమ తలకాయంత. ఆరు నెలలుగా రోజూ పెరుగు గిన్నె తీస్తూ చూస్తున్న కాగితమే అది.

రశీదు కథ ఇంకా బాగుంటుంది. 4,320 జీఎస్టీ అని రాసి ఉంది, జీఎస్టీ నంబరు మాత్రం ఎక్కడా లేదు. రిజిస్ట్రేషన్ లేనివాడు ఆ పన్ను వసూలే చేయకూడదు. 37తో మొదలయ్యే పదిహేను అక్షరాల నంబరు లేకపోతే వైరు కట్టల బిల్లు కూడా తిప్పి పంపే మనిషిని నేను. కూతురి ఫీజు రశీదు మాత్రం మడిచి బీరువాలో దాచుకున్నాను, భద్రంగా. దాని వెనక 'కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు' అని స్టాంపు, అదొక్కటీ తెలుగులో.

ఇవాళ పొద్దున వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, ఐదు లక్షల లోపు వాటికి అక్కడ ఫీజు లేదు.

మీరు చేర్పించేటట్టయితే ఒక రోజు క్లాసులో వెనక కూర్చుని చూడండి, వద్దంటే లేచి వచ్చేయండి. నెలనెలా కట్టండి, ఒకేసారి పోయకండి. పరీక్ష అంటే ఏ సెంటరో అడిగి ఆ సెంటరుకే ఫోన్ చేసి కనుక్కోండి. ఇంతకంటే ఏం చెప్పను, నేనే పెద్ద తెలివైనవాణ్ణి.

రాత్రి పిల్లకి చెప్పాను, నువ్వు ఫెయిల్ కాలేదమ్మా, అసలు పరీక్షే జరగలేదని. "మరి నన్నెందుకు తిట్టావు?" అంది. మా అమ్మ మళ్ళీ ఇస్కూలు అంటోంది, ఇది దిద్దడం లేదు.

జూన్, జులైల్లో అక్కడ చెప్పిన టీచరమ్మ ఇప్పుడు ఎక్కడైనా సొంతంగా పిల్లలకి చెబుతున్నట్టు మీలో ఎవరికైనా తెలిస్తే, ముందు ఆవిడని అడగండి. ఆవిడ సరేనంటేనే నాకు కబురు పెట్టండి.