రివీలింగా, టెల్లింగా, రెవెలేటరీయా: ఏది మేలు?

ఇంగ్లీషులో రాసే మనవాళ్లకు, దాగి ఉన్నది బయటపడిందని చెప్పాల్సి వస్తే ముందుగా తట్టే విశేషణం ‘రివీలింగ్’. తప్పేమీ లేదు. ఒక నాయకుడు ఇంటర్వ్యూలో తన పార్టీ గుట్టంతా విప్పితే అది రివీలింగ్ ఇంటర్వ్యూయే. లాటిన్‌లో ఈ మాట మూలానికి అర్థం ముసుగు తొలగించడం. చిక్కల్లా అక్కడే. బట్టల ప్రస్తావన వస్తే చాలు, ఇది ఒళ్లు కనిపించే దుస్తులనే సూచిస్తుంది. ఒక నటి స్వభావాన్ని చక్కగా పట్టి చూపిన ఫొటోలను ‘రివీలింగ్ ఫొటోలు’ అని మెచ్చుకున్నారంటే, పాఠకులు అనుకునేది మరొకటి.

‘టెల్లింగ్’ దారి వేరు. అదే నాయకుడు అరగంటసేపు అన్ని ప్రశ్నలకూ గడగడా జవాబిచ్చి, కొడుకు టికెట్ సంగతి ఎత్తగానే గ్లాసు అందుకుని మంచినీళ్లు తాగాడనుకోండి. ఆయన చెప్పిందేమీ లేదు, మనకు అర్థం కానిదీ లేదు. అది ‘టెల్లింగ్ సైలెన్స్’. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టిచూస్తే తెలిసినట్టు, చిన్న ఆనవాలు అసలు సంగతిని పట్టిస్తే వాడాల్సిన మాట ఇది. దీనికి ఇంకో బలం కూడా ఉంది. ఎదుటివారిని నోరెత్తనివ్వని వాదనను ‘టెల్లింగ్ ఆర్గ్యుమెంట్’ అంటారు. అక్కడ బయటపడిన రహస్యమేమీ లేదు కాబట్టి రివీలింగ్ అసలు పనికిరాదు. అన్నట్టు, ‘టెల్’ అంటే లెక్కపెట్టడం అన్న పాత అర్థం కూడా ఉంది. బ్యాంకు టెల్లర్, ఏటీఎంలోని ‘టీ’ దాని వారసులే.

ఇక ‘రెవెలేటరీ’. సమీక్షకులకు మహా ఇష్టమైన మాట. ఎన్నోసార్లు విన్న త్యాగరాజ కీర్తనలో ఇన్నాళ్లూ చెవికి అందని వేదనను ఒక గాయని వినిపిస్తే, ఆ కచేరీకి ఇది తగుతుంది. బైబిల్లో చివరిదైన ప్రకటన గ్రంథానికి ఇంగ్లీషు పేరు ‘రెవెలేషన్’. ఆ బరువు ఈ విశేషణానికీ అంటుకుని ఉంది. మామూలు ప్రెస్ మీట్‌కు దీన్ని తగిలిస్తే నవ్వులపాలే.

వార్తా వ్యాఖ్యలకు నా ఓటు టెల్లింగ్‌కే. అయితే ఏ విషయం బయటపడిందో వెంటనే ‘ఆఫ్’ (of) పెట్టి చెప్పాలంటే మాత్రం అది అంతగా నప్పదు. అప్పుడు రివీలింగ్‌కే రావాలి.