పదేళ్లకు పైగా మార్క్‌డౌన్‌లో తెలుగు రాశాక

మాది గుంటూరు బ్రాడీపేట. 2014 నుంచి నా సొంత వెబ్ పేజీలన్నీ మార్క్‌డౌన్‌లోనే రాస్తూ వచ్చాను. మామూలు రాతలో స్టార్, అండర్‌స్కోర్ లాంటి చిన్న గుర్తులు పెడితే, వాటిని చూసి ప్రోగ్రాము వెబ్ పేజీ తయారుచేసే పద్ధతి అది. ఇలాంటి గుర్తుల పద్ధతినే మార్కప్ అంటారు. నాన్నగారి కంద పద్యాలు, అమ్మ చెబుతుంటే ఎక్కించిన పచ్చళ్ల కొలతలు, మా వీధి కబుర్లు, అన్నీ కలిపి మూడు వందల పైచిలుకు ఫైళ్లు. రెండేళ్ల కిందట మార్క్‌డౌన్‌లో కొన్ని నియమాలు తీసేసి, కొన్ని చేర్చి, నాకు సరిపడా చిన్న మార్కప్ తయారుచేసుకున్నాను. ఇప్పుడు అదే వాడుతున్నాను.

మార్క్‌డౌన్‌ని జాన్ గ్రూబర్ 2004లో విడుదల చేశారు. పేజీగా మార్చకముందు కూడా ఫైలు మామూలు ఉత్తరంలా చదువుకునేలా ఉండాలన్నది ఆయన ఉద్దేశం. ఆ ఒక్క విషయంలో దానికి పూర్తి మార్కులు వేస్తాను. కంప్యూటర్ రెండుసార్లు మారినా నా రాత ఒక్కటీ పోలేదు.

తెలుగుతో చిక్కంతా ప్రత్యయాల దగ్గర వస్తుంది. మన 'లో', 'కి', 'ను' మాటకే అతుక్కుని ఉంటాయి కదా. మాటకి రెండు వైపులా అండర్‌స్కోర్ పెడితే వాలు అక్షరాలు రావాలి. కానీ _ఆవకాయ_లో అని రాస్తే రావు, అండర్‌స్కోర్లు అలాగే మిగిలిపోతాయి. మార్క్‌డౌన్‌ని కచ్చితంగా నిర్వచిస్తూ 2014లో వచ్చిన కామన్‌మార్క్ నియమాల ప్రకారం మాట మధ్యలో అండర్‌స్కోర్ చెల్లదు. స్టార్ చెల్లుతుంది. సరే అనుకుని **"ఆవకాయ"**లో అని రాశాను, నాలుగు స్టార్లూ పేజీ మీదికి వచ్చి కూర్చున్నాయి. మూసే స్టార్‌కి ముందు కోట్స్, వెంటనే అక్షరం ఉంటే అది మూసినట్టు కాదట. తెలుగులో ఇది రోజూ వచ్చే వాక్యమే! కామన్‌మార్క్ నియమాలు రాసిన జాన్ మెక్‌ఫార్లేన్ 2022లో జాట్ అనే మార్కప్ తెచ్చారు. అందులో తెరిచే గుర్తు తర్వాత, మూసే గుర్తుకి ముందు ఖాళీ లేకపోతే చాలు. ఆ నియమాన్ని ఉన్నదున్నట్టు తీసుకున్నాను. అప్పటి నుంచి ప్రత్యయాల గొడవ లేదు.

పద్యాల దగ్గర మాత్రం నిజంగా ఏడిచాను. మార్క్‌డౌన్‌లో నాలుగు పాదాలు నాలుగు వరుసల్లో రాసినా ఒకే పేరాగా కలిసిపోతాయి. విడిగా ఉండాలంటే పాదం చివర రెండు స్పేస్‌లు కొట్టాలి. కంటికి కనిపించని గుర్తు అది. నా ఎడిటర్ సేవ్ చేసేటప్పుడు వరుస చివరి ఖాళీలన్నీ తుడిచేసింది, నలభై పద్యాలు వచనమైపోయాయి. నాన్నగారు పోయిన ఏడాదే అది జరిగింది. చేతిరాత నోటుపుస్తకం పక్కన పెట్టుకుని మళ్లీ పాదాలు విడగొట్టాను. ఇప్పుడు రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే మరో మార్కప్‌లో ఉన్నట్టు ప్రతి పాదం ముందూ ఒక నిలువు గీత పెడుతున్నాను. గీత ఉంటే అది పాదమే.

అమ్మ ఒకరోజు నా ఫోనులో ఆ ఫైలు చూసి, "ఈ గీతలేంట్రా?" అంది. పాదాలమ్మా అన్నాను. కాసేపు చదివి, "ఇక్కడ మూడే ఉన్నాయి, ఒకటి ఎగిరిపోయింది చూడు" అంది. నిజమే, ఎక్కించేటప్పుడు వదిలేశాను.

నా సొంత ప్రోగ్రాములోనూ ఒక పెద్ద తప్పు దొరికింది. శీర్షిక నుంచి లింకు పేరు తయారుచేసేటప్పుడు 'గుంటూరు గోంగూర' కాస్తా 'గటర-గగర' అయ్యేది. నేను ప్రోగ్రాము రాసిన పైథాన్ భాషలో మాటల్ని పట్టే మామూలు నమూనా గుణింతపు గుర్తుల్ని, సున్నాని, పొల్లుని అక్షరాల కింద లెక్కపెట్టదు, తీసి పారేస్తుంది. కంప్యూటర్లో అన్ని భాషల అక్షరాలకీ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో గుర్తుల వర్గం మొత్తాన్నీ ఉంచమని రాశాక సరైపోయింది. తెలుగు కోసం ఏ మార్కప్ తయారుచేసినా ముందు దీన్ని పరీక్షించండి.

పట్టికలు వదిలేశాను. తెలుగు అక్షరాలు ఒక్కోటీ ఒక్కో వెడల్పు కాబట్టి ఫైల్లో గడులు ఎప్పటికీ సర్దుకోవు. 'కారం: సోలెడు' అని వరుసకొకటి రాస్తే అమ్మకీ అర్థమవుతోంది, నాకూ చాలు. ఏడాదితో పేరా మొదలుపెట్టే అలవాటు మీకుంటే కొంచెం జాగ్రత్త, '2009.' అని చుక్క పెట్టగానే మార్క్‌డౌన్ దాన్ని జాబితా అనుకుంటుంది.

ఇంగ్లీషు ఎక్కువ రాసేవాళ్లకి మార్క్‌డౌన్ చాలు. తెలుగు పద్యాలు, పాతకాలం రాతలు దాచుకునేవాళ్లు జాట్‌తో మొదలుపెట్టండి. నాకింకా కుదరనిది ఫుట్‌నోట్. గిద్ద, సోల, తవ్వ అంటే మా అమ్మాయికి తెలియదు. ఆ వివరం వాక్యంలో ఇరికిస్తే అమ్మ మాట పాడవుతోంది, పేజీ అడుగున పెడితే ఫోనులో ఎవరూ అంత కిందికి వెళ్లి చూడట్లేదు.