కట్టర్ స్విచ్ పోయింది: విప్పి తుడవాలా, కొత్తది వేయాలా, డైరెక్ట్ చేయాలా?

ట్రిగ్గర్ నొక్కితే, చెక్క బ్లేడు వేసిన మార్బుల్ కట్టర్ ఒక్కోసారి తిరుగుతుంది, ఒక్కోసారి ఉలకదు పలకదు. రెండుసార్లు అరచేత్తో తడితే మళ్లీ అందుకుంటుంది. ప్లైవుడ్ పని చేసేవాళ్లందరికీ తెలిసిన బాధే ఇది. సైట్ మీద ఇలా అయితే సలహాలకు కొదవ ఉండదు. ఒకరు విప్పి ఊదమంటారు, ఒకరు ఒరిజినల్ వేయమంటారు, ఇంకొకరు లోకల్‌ది చాలంటారు. తొందరలో ఉన్నవాడు మాత్రం స్విచ్ తీసేసి వైర్లు కలిపి ‘డైరెక్ట్ చేసెయ్’ అంటాడు.

ఏది మేలో తేల్చేముందు, పోయింది స్విచ్చేనా అని చూడాలి. నేను ఒకసారి కొత్త స్విచ్ తెచ్చి, బిగించి, నొక్కితే పాత కథే. తీరా చూస్తే వైరు మెషిన్‌లోకి దూరే చోట, రబ్బరు తొడుగు కింద, పైకి కనపడకుండా తెగి ఉంది. రోజూ చుట్టి సంచిలో పడేసే వైరు తెగేది దాదాపు అక్కడే.

అప్పటినుంచి ఒక వరుస పెట్టుకున్నాను. ప్లగ్గు బోర్డులోంచి పీకాలి. ప్లగ్గులో ఎర్త్ కాని రెండు పిన్నులకు మల్టీమీటర్ పెట్టి, ట్రిగ్గర్ నొక్కాలి. కొన్ని ఓములు చూపిస్తే దారంతా బాగున్నట్టే. ఏమీ చూపకపోతే ట్రిగ్గర్ వదలకుండానే వైరును మెషిన్ మొదట్లో అటూ ఇటూ వంచి చూడండి. రీడింగ్ వచ్చి పోతుంటే దొంగ ఆ వైరే. అది కాకపోతే పక్కనున్న మూతలు తీసి కార్బన్లు (మోటారుకు కరెంటు అందించే బ్రష్‌లు) చూడాలి. హద్దు గీత దాకా అరిగిపోతే అవి మారిస్తే పని అయిపోతుంది. అప్పటికీ తేలకపోతేనే హ్యాండిల్ విప్పడం. నాలుగు కాళ్ల (వైర్లు తగిలించే చోట్లు నాలుగు ఉన్న) స్విచ్ అయితే రెండు జతలనూ విడివిడిగా చూడాలి. నొక్కితే బీప్ రావాలి, వదిలితే ఆగాలి. నొక్కిన ప్రతిసారీ ఒక్కో అంకె చూపిస్తుంటే లోపల కాంటాక్టులు (నొక్కితే తాకి, వదిలితే విడిపోయే లోహపు ముక్కలు) మాడినట్టే. ఒక్క మినహాయింపు: జిగ్‌సా, డ్రిల్ లాంటివాటిలో ఉండే స్పీడ్ స్విచ్ మీటర్ మీద మోగకపోయినంత మాత్రాన పాడైందని తేల్చలేం. దాంట్లో ఎలక్ట్రానిక్ భాగం ఉంటుంది.

స్విచ్ ఇంకోలా కూడా పోతుంది. కాంటాక్టులు అతుక్కుపోయి, ట్రిగ్గర్ వదిలినా బ్లేడు ఆగదు. అది ఒక్కసారి జరిగినా సరే, ఆ మెషిన్‌ను ఆ రోజుకి పక్కన పెట్టేయాల్సిందే.

ఇక తుడిచి వాడటం. లోపల రంపపు పొట్టు చేరి ట్రిగ్గర్ బిగుసుకుంటే బ్లోయర్‌తో ఊదడం మంచి పనే, ఖర్చు లేదు. మాడిన కాంటాక్టుల సంగతి వేరు. వాటిమీద ఉండేది వెండి కలిసిన లోహం. గరుకు కాగితంతో రుద్దితే నలుపుతోపాటు అదీ పోతుంది, మిగిలిన లోహం మరింత తొందరగా మాడుతుంది. పైగా డబ్బా తెరవగానే చిన్న స్ప్రింగు ఎగిరి పొట్టులో పడుతుంది. ఆ తర్వాత అరగంట వెతుకులాట. ఆ పూట గడవడానికి తప్ప ఇది పనికిరాదని నా లెక్క.

ఒరిజినలా, లోకలా అన్నదే అసలు చిక్కు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పాత స్విచ్ చూపిస్తే అచ్చం అలాంటిదే ఇంకొకటి కౌంటర్ మీద పెడతారు, ధర కూడా బాగా తక్కువే. లోకల్ అన్నంత మాత్రాన నాసిరకం అని నేను అనను. కానీ ఒంటిమీద ఏం రాసి ఉందో చదవాలి. 6(6)ఏ 250వీ, 5ఈ4 అని సన్నగా ఉంటుంది. బ్రాకెట్ బయటి 6 మామూలు లోడుకు, లోపలి 6 మోటారు లోడుకు. 5ఈ4 అంటే 50,000 సార్లు ఆన్ ఆఫ్ అయ్యేలా పరీక్షించిందని, 1ఈ4 అంటే 10,000 సార్లేనని. 1,200 వాట్ల కట్టర్ 230 వోల్టుల మీద ఐదు ఆంపియర్లకు పైగా లాగుతుంది, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు. ఏమీ రాయని స్విచ్, లేదా బ్రాకెట్ లోపల చిన్న అంకె ఉన్న స్విచ్ ఎంత చవకైనా నేను తీసుకోను. ఇంకోటి, ట్రిగ్గర్ హ్యాండిల్‌లో సరిగ్గా కూర్చోవాలి. ట్రిగ్గర్‌ను నొక్కిన చోటే పట్టి ఉంచే లాక్ బటన్ నొక్కి, మళ్లీ ట్రిగ్గర్ తడితే టక్కున వదలాలి. లోకల్ వాటిలో తేడా ఎక్కువగా కనిపించేది అక్కడే. రోజంతా నడిచే మెషిన్‌కు ఒరిజినలే వేస్తాను. నెలకు రెండుసార్లు తీసే దానికి, అంకెలు సరిపోతే లోకల్ చాలు.

డైరెక్ట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రెండు వైర్లు కలిపి, బోర్డు స్విచ్‌తో నడపడం. బ్లేడు పట్టేసి మెషిన్ వెనక్కి తన్నినప్పుడు ఆ బోర్డు ఎన్ని అడుగుల దూరంలో ఉంటుందో చూసుకోండి. అసలు మార్బుల్ కట్టర్‌కు చెక్క బ్లేడు వేయడమే ఒక తెగింపు. సర్క్యులర్ సా మెషిన్‌కు ఉన్నట్టు బ్లేడును కప్పేసే కింది గార్డు దీనికి ఉండదు. చేతిలో ఆ ట్రిగ్గర్ కూడా లేకపోతే ఎలా?

అదే కట్టర్‌ను బల్ల కింద తిరగేసి బిగించి, లాక్ నొక్కి వాడుతుంటే లెక్క మారుతుంది. అక్కడ ఒరిజినల్ స్విచ్ కూడా చాలదు. కరెంటు పోతుంది, చెక్క సర్దుకోవడానికి బ్లేడు దగ్గర చేయి పెడతాం, కరెంటు వస్తుంది. లాక్‌లో ఉన్న స్విచ్‌కు మనం అక్కడ ఉన్నామో లేదో తెలియదు. దీనికి నో వోల్ట్ రిలీజ్ స్విచ్ కావాలి. పచ్చ, ఎర్ర బటన్ల పెట్టె, కేజేడీ-17 అనే రకం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. లోపలి కాయిల్ కరెంటు ఉన్నంతసేపే కాంటాక్టును పట్టి ఉంచుతుంది. కరెంటు పోతే వదిలేస్తుంది, తిరిగొచ్చాక మళ్లీ పచ్చ బటన్ నొక్కితేనే తిరుగుతుంది. కాయిల్‌కు న్యూట్రల్ కూడా కావాలి కాబట్టి ఒక్క ఫేజు వైరు తెంపి కలిపితే పనిచేయదు. కరెంటు ఇవ్వకుండా పచ్చ బటన్ నొక్కితే అది నిలవదు కూడా, దాని తీరే అంత. పాడైందనుకుని వాపస్ పంపేముందు ఇది గుర్తుంచుకోండి. పెట్టెను బల్ల ముందువైపు, మోకాలితో ఆపగలిగే ఎత్తులో బిగిస్తే చెక్క మీద నుంచి చేయి తీయకుండానే ఎర్ర బటన్ అందుతుంది.

ఏది వేసినా, పాతది పీకేముందు వైర్ల ఫోటో ఒకటి తీసుకోండి. కొన్నిటిలో పక్కన చిన్న కెపాసిటర్ ఉంటుంది, దాని కాళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో మర్చిపోతాం. స్క్రూ లేని రంధ్రాల్లోకి వైరు దూర్చిన రకమైతే లాగకండి. పక్క సందులో సన్నటి సూది గుచ్చితే క్లిప్పు వదులుతుంది, వైరు దానంతటదే చేతికొస్తుంది.