వ్యాగన్ కిట్లు కొనేవాళ్లు జర జాగ్రత్త: రంగేసిన ఫొటో చూసి పైసలు పంపకండి

ఫోన్‌లో ఫొటోలు చూసి రైలు వ్యాగన్ కిట్లు, అంటే ముక్కలు అతికించి రంగేసి చేసుకునే చిన్న నమూనా వ్యాగన్లు, తెప్పించుకోవాలనుకునే అన్నలకు, తమ్ముళ్లకు, అక్కలకు ఈ మాట. ఈ ఏప్రిల్‌లో నేను 8,400 రూపాయలు పోగొట్టుకున్నాను. డబ్బు సంగతి అటుంచండి, మా పాప చేతుల నిండా దద్దుర్లు వచ్చాయి. అందుకే కూర్చుని వివరంగా రాస్తున్నాను. అమ్మినవాడి పేరు రాయడం లేదు. ఆ పేజీ ఇప్పటికే ఒకసారి పేరు మార్చుకుంది, రేపు ఇంకో పేరుతో వస్తుంది. సరుకు ఎట్లా ఉంటే అనుమానించాలో చెబుతాను, అది గుర్తుంచుకోండి.

మాది మిర్యాలగూడ. మా నాయిన గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. 2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ మా ఇంట్లో ఇప్పటికీ గార్డే. బీబీనగర్ నుంచి నల్లగొండ, మిర్యాలగూడ, విష్ణుపురం దాటి నడికుడి దాకా ఆ లైన్లో ఆయనకు తెలియని మలుపు లేదు. చిన్నప్పుడు స్టేషన్ కంచె పట్టుకుని నేను లెక్కపెట్టింది ఎక్కువగా ఆ గూడ్స్ బండ్లనే. సిమెంటు, బియ్యం మోసే మూత వ్యాగన్లు బీసీఎన్‌లు, బొగ్గు మోసే పైకప్పు లేనివి బాక్స్‌ఎన్‌లు. బాక్స్‌ఎన్ రేక్, అంటే ఒక పూర్తి బండి, 58 వ్యాగన్లు, వెనుక గార్డు ఉండే బ్రేక్ వ్యాన్. లెక్క మధ్యలో తప్పితే ఏడుపొచ్చేది.

నాలుగేళ్లుగా చిన్న కిట్లు కట్టి రంగులేస్తున్నాను. బయటి దేశాల వ్యాగన్ల ప్లాస్టిక్ కిట్లు దొరుకుతాయి, మన వ్యాగన్ల కిట్లు దొరకడమే కష్టం. సరిగ్గా ఆ ఆశ మీదే వీళ్లు వల వేస్తున్నారు. నాయినకు డెబ్బయ్యేళ్లు నిండుతున్నాయి, హాల్లో అల్మారా మీద ఐదు బాక్స్‌ఎన్‌లు వరసగా పెట్టిద్దామని నాకు కోరిక.

ప్రకటనలో ఉన్న ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. ఎర్ర గోధుమ రంగు, పక్క రేకుల మీద కిందికి జారిన తుప్పు చారలు, లోపలి అంచున నల్లటి బొగ్గు పొడి, తెల్లటి అక్షరాలు. హెచ్‌ఓ స్కేలు, అంటే 87కి 1 వంతు. లోహపు చక్రాలు, డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే అక్షరాల స్టిక్కర్లు), లోపల పెట్టే బరువు అన్నీ కలిపి కిట్ 1,680 అన్నాడు. ఐదుకు 8,400. ఈ రేటు నెలాఖరు వరకే అన్నాడు. ఫోన్‌పేలో కొట్టేశాను. బిల్లు అడగలేదు. రంగు వేయని ముక్కల ఫొటో కూడా అడగలేదు. నేను చేసిన పెద్ద తప్పు ఇదే. ఆ ఫొటోలోని వ్యాగన్ ఎవరు కట్టారో, అసలు ఆ కిట్‌తోనే కట్టారో లేదో నాకు తెలియదు. రంగు కింద ఎన్ని లోపాలైనా దాగుతాయి.

23 రోజులకు పార్శిల్ వచ్చింది. అట్టపెట్టె తెరవగానే ముక్కు పుటాలు మండే వాసన. ఒక్కో కిట్‌కు ఒక్కో పాలిథిన్ కవరు, మధ్యలో స్పాంజీ లేదు, అట్ట లేదు. పక్క రేకు చేతిలోకి తీసుకుంటే వేలికి అంటుకుంది, బెల్లం పాకం ముట్టుకున్నట్టు. ఎండలో తిరిగి తిరిగి వచ్చిందేమో, పొడుగు పలకలన్నీ దొప్పల్లా వంగాయి. పక్కకు తిప్పి వెలుతురులో చూస్తే గీత మీద గీత, త్రీడీ ప్రింటర్ పొరలు. ఫొటోలో కనబడిన నున్నదనం ఎక్కడా లేదు.

పాప జామెట్రీ బాక్సులోని స్కేలు పెట్టి కొలిచాను. అసలు బాక్స్‌ఎన్ ఈ చివరి అడ్డదూలం (హెడ్‌స్టాక్) నుంచి ఆ చివరి అడ్డదూలానికి 9,784 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే నూట పన్నెండున్నర రావాలి. నా చేతిలో ఉన్నది 128. ఆ 128ని 76తో గుణించి చూడండి, 9,728 వస్తుంది. అంటే ఇది హెచ్‌ఓ కానే కాదు, బ్రిటన్ వాళ్లు వాడే ఓఓ స్కేలు, 76కి 1 వంతు. నా దగ్గరున్న మిగతా బండ్ల పక్కన పెడితే గేదె పక్కన ఏనుగు నిలబడ్డట్టు ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, లేకపోతే కొత్తవాళ్లు నిజాయితీగా అమ్మేవాళ్లను కూడా తప్పుపడతారు. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే పట్టాల మధ్య 19 మిల్లీమీటర్లు దాటాలి. కానీ హెచ్‌ఓ పట్టాలు 16.5 మాత్రమే, ఓఓ వాళ్లూ అవే పట్టాలు వాడతారు. మన వ్యాగన్ల నమూనాలు మామూలుగా ఆ పట్టాలకే చేస్తారు. ఆ తేడా అందరికీ తెలిసిన సర్దుబాటు, మోసం కాదు. వ్యాగన్ పొడుగులో తేడా ఉంటే మాత్రం అడగాల్సిందే.

ఆ రోజే పెట్టె మూసి వెనక్కి పంపించాల్సింది. పంపలేదు. నాయిన పుట్టినరోజు దగ్గరపడింది, ఎట్లాగో సరిచేసుకుందాం అనుకున్నాను. పలకల్ని వేడినీళ్లలో ముంచి అద్దం మీద పరిచి, పైన పుస్తకాలు పెట్టి ఒక రాత్రి ఉంచితే వంపు చాలావరకు పోయింది. తరవాత పొరల గీతలు పోవాలని 400 నంబరు వాటర్ పేపరుతో రుద్దడం మొదలుపెట్టాం. మొదలుపెట్టాం అంటున్నాను, ఎందుకంటే మా పాప కూడా కూర్చుంది. ఏడో తరగతి. నాకంటే ఓపిక దానికే ఎక్కువ. చేతికి తొడుగులు లేకుండా రెండు సాయంత్రాలు, మూడు పలకలు, అంచులు అరగకుండా అంత చక్కగా రుద్దింది.

మూడో రోజు పొద్దున వేళ్ల సందుల్లో ఎర్రగా పొక్కింది. దురదకు నిద్ర లేదు. అరటికాయ కూరేమైనా పడలేదేమో అంది మా ఆవిడ. డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతే ఏం ముట్టుకుందో అడిగారు, ఒక ముక్క కవరులో పెట్టి తీసుకుపోయి చూపించాను. అప్పుడు గానీ నాకు బుర్ర వెలగలేదు. ఈ ప్రింటర్లలో వాడే ద్రవపు రెజిన్ అతినీలలోహిత కాంతి తగిలితేనే గట్టిపడుతుంది. ప్రింటు తీశాక మీదున్న తడి రెజిన్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరాక మళ్లీ ఆ కాంతిలో పెట్టాలి. ఈ రెండూ సరిగ్గా చేయకపోతే పైన జిగురు, లోపల పచ్చి. ఆ పచ్చి రెజిన్ చర్మానికి పడదు. కొందరికి ఒకసారి పడకుండా పోయిందంటే తరవాత కొంచెం తగిలినా మళ్లీ వస్తుంది. వాడు ఒక కిట్‌కు మిగుల్చుకున్నది ఎంత? కడగడానికి, ఎండలో పెట్టడానికి పట్టే ఒక గంట. ఆ గంట బాకీని నా బిడ్డ చేతులు తీర్చాయి. దీన్ని నేను క్షమించలేను.

పాపను దూరం పెట్టి, తొడుగులు వేసుకుని, ఒక్క వ్యాగన్ మాత్రం పూర్తి చేసి చూశాను. ఆటోమొబైల్ పెయింట్ షాపులో దొరికే గ్రే సర్ఫేసర్, అంటే రంగుకు ముందు వేసే పూత, కొట్టాను. నల్లగొండ ఎండల్లో పది దాటాక స్ప్రే కొడితే రంగు గాలిలోనే ఆరిపోయి పిండి చల్లినట్టు పడుతుందని తెలుసు కాబట్టి పొద్దున ఆరింటికే కొట్టాను. రంగుది తప్పు కాదు. పది రోజుల తరవాత వేలితో నొక్కితే ముద్ర పడింది. కింద పచ్చిగా ఉంటే పైన ఏ రంగు నిలుస్తుంది?

చక్రాల సంగతి ఇంకో కథ. లోహం అన్నాడు, ప్లాస్టిక్ పంపాడు. ఇరుసు పొడుగు 24.75 మిల్లీమీటర్లు, హెచ్‌ఓ కొలత. చక్రాల్ని పట్టుకునే బోగీ ఫ్రేములేమో ఓఓవి, వాటికి 26 కావాలి. పట్టాల మీద పెట్టి వేలితో తోయగానే చక్రాలు రాలిపోయాయి. బరువు ముక్క అసలు లేనే లేదు. అమెరికా నమూనా రైళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ లెక్క ప్రకారం హెచ్‌ఓ బండికి 28 గ్రాములు, ఆపైన అంగుళానికి 14 గ్రాముల చొప్పున ఉండాలి. బండ్లను కలిపే కొక్కేలు (కప్లర్లు) కూడా లెక్కేస్తే దాదాపు 123 మిల్లీమీటర్ల బాక్స్‌ఎన్‌కు అది 96 గ్రాములవుతుంది. నేను తూచింది 31. ఇది ఒక్కటే మనం సులువుగా సరిచేసుకోగలిగింది: టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగుకు అంటించే బరువులు 5 గ్రాములవి, 10 గ్రాములవి దొరుకుతాయి, అడుగున అంటిస్తే సరిపోతుంది.

డెకాల్స్ చూస్తే కడుపు మండింది. తెల్ల అక్షరాలకు తెల్ల సిరా వేసే ప్రింటరు కావాలి, మన ఇళ్లలో, జిరాక్స్ షాపుల్లో ఉండే మామూలు ప్రింటరుకు తెలుపు లేదు. వాడు బూడిద రంగులో వేసి పంపాడు. నీళ్లలో పెట్టగానే సిరా కరిగి పారింది, మీద వార్నిష్ పొర కూడా లేదు. ఒక షీటు మిగిలితే నాయినకు చూపించాను. కళ్లద్దాలు తీసి, షీటును ముక్కు దగ్గరికి తెచ్చుకుని, పెదాలతో లెక్కపెట్టారు.

"నంబర్ల ఒకటి తక్కువున్నది గదరా" అన్నారు.

నిజమే. వ్యాగన్ నంబరుకు 11 అంకెలు. మొదటి రెండు వ్యాగన్ రకం, తరవాతి రెండు ఏ రైల్వేదో, ఆ తరవాతి రెండు తయారైన సంవత్సరం, నాలుగు వరస సంఖ్య, చివరిది సరిచూసుకునే అంకె. ఆ చివరి అంకె లేదు. ఏళ్ల తరబడి వ్యాగన్ నంబర్లు రాసుకున్న మనిషికి ఒక్క చూపు చాలింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటారే, అట్లా అయింది నా పని.

అమ్మినవాడికి ఫొటోలు పంపాను. మొదట "సార్, మీకు రంగు వేయడం రాక అట్లా అయింది" అన్నాడు. కొలతలు పంపితే "మీరు కట్టేశారు కదా, కట్టిన కిట్ వాపసు తీసుకోం" అన్నాడు. మిగతా నాలుగు ముట్టుకోలేదన్నాను. ఆ తరవాత నా నంబరు బ్లాక్ చేశాడు. 1915కి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడారు, ఫిర్యాదు నమోదు చేసుకున్నారు. కానీ అవతలివాళ్ల పేరు, చిరునామా అడిగితే నా దగ్గర యూపీఐ ఐడీ తప్ప ఏమీ లేదు. పార్శిల్ మీద పంపినవాడి అడ్రసు కూడా సగమే.

కాబట్టి బిల్లు లేకుండా కొనకండి. షాపు పేరు, చిరునామా ఉన్న బిల్లు చేతిలో ఉంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మీకు తోడుంటుంది. చెప్పినట్టు లేని వస్తువు మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చు, 5 లక్షల దాకా ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని 2020 నియమాల్లో ఉంది. డబ్బు తీసుకుని అసలు సరుకే పంపకపోతే అది వేరే దారి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టండి.

డబ్బు పంపే ముందు రంగు వేయని ముక్కల ఫొటో అడగండి, పక్కన స్కేలు పెట్టి తీయమనండి. నిజంగా తయారుచేసేవాడు రెండు నిమిషాల్లో పంపుతాడు. నేను తరవాత బెంగళూరు వైపు ఒకాయనను అడిగితే అడగకుండానే చక్రం వ్యాసం కూడా కొలిచి పంపారు: 11.5 మిల్లీమీటర్లు, అసలు చక్రం 1,000 అయితే అంతే రావాలి. ముక్కలు ఏ పదార్థమో అడగండి. అచ్చు పోసిన ప్లాస్టిక్కా, పోత రెజినా, ప్రింటా అన్నది తెలియకుండా జిగురు కూడా కొనలేం. ప్లాస్టిక్ సిమెంటు రెజిన్‌ను అతికించదు, దానికి ఫెవిక్విక్ లాంటిది కావాలి. ప్రింటు అంటే కడిగి, కాంతిలో పెట్టారా అని సూటిగా అడిగి, జవాబు రాతలో తీసుకోండి. ఐదు కావాలన్నా ముందు ఒక్కటే తెప్పించుకోండి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. కొలిచి, వాసన చూసి, జిగురుందేమో చూశాకే పేపరు గానీ రంగు గానీ పట్టండి. నేను ముందు రంగేసి తరవాత అడిగాను, వాడికి అదే సాకు దొరికింది.

ఇలాంటి జిగట కిట్ ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు పిల్లలకు అందకుండా పెట్టండి. నైట్రైల్ తొడుగులు వేసుకుని, కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తటి బ్రష్షుతో కడగండి. పూర్తిగా ఆరాక పలకల్ని రెండు అద్దాల మధ్య పెట్టి కట్టి ఎండలో పెట్టండి, రెండు వైపులా తిప్పుతూ. కడిగిన ద్రవాన్ని మోరీలో పోయకండి, పళ్లెంలో ఎండకు పెడితే అడుగున మిగిలింది గట్టిపడుతుంది, దాన్ని చెత్తలో వేయొచ్చు. రుద్దడం తడిపే చేయండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. నా నాలుగు కిట్లలో రెండు ఇట్లా గట్టిపడ్డాయి. స్కేలు తప్పే, కానీ ఇప్పుడు ముట్టుకోవచ్చు.

పాప చేతులు తగ్గాయి. పుట్టినరోజుకు నాయినకు వ్యాగన్ ఇవ్వలేకపోయాను. బెంగళూరాయన కిట్ ఒకటి వచ్చింది, పక్క పలకలు అతికించడం అయింది. నంబరు ఏది వేయాలో నాయిన తన పాత డైరీలోంచి రాసిచ్చారు, 11 అంకెలూ ఉన్నాయి.

మీరు కొనబోయే కిట్ మీద అనుమానముంటే ముక్కల ఫొటో, పక్కన స్కేలు పెట్టి, ఇక్కడే పెట్టండి. సాయంత్రం ఏడు తరవాత చూసి చెబుతాను.